గేర్ల కారుతో ఎత్తు ఎక్కడం: ఫ్లైఓవర్ నుంచి ఘాట్ రోడ్డు దాకా

చదును రోడ్డు మీద నెలల తరబడి హాయిగా నడిపినవాళ్లు కూడా ఎత్తులో ఆగి మళ్లీ కదలాల్సి వచ్చేసరికి తడబడతారు. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటాడు. బండి జానెడు వెనక్కి జారుతుంది. కంగారులో క్లచ్ మీంచి కాలు తీసేస్తారు, ఇంజిన్ ఆగిపోతుంది. "ఎత్తులో బండి వెనక్కి పోకుండా ఎలా తీయాలి?" అని కొత్తగా లైసెన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చినదంతా ఇక్కడ వరసలో పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఎత్తులో బండిని నిలబెట్టే పని బ్రేకుది, లాగే పని ఇంజిన్‌ది. క్లచ్ ఇంజిన్‌ను చక్రాలతో కలిపే తలుపు లాంటిది. తలుపును సగం తెరిచి పట్టుకుని బండిని నిలబెట్టాలని చూస్తే క్లచ్ ప్లేటు మాడుతుంది. ఎత్తులో జరిగే తప్పులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

1. బండి వెనక్కి ఎందుకు లాగుతుంది?

పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే రోడ్డు అనుకుందాం. ఆ రోడ్డు మీద 1,000 కిలోల కారును కిందికి గుంజే బలం సుమారు 100 కిలోల బరువుతో సమానం. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను కలిస్తే మరో 300 నుంచి 400 కిలోలు. అంటే గుంజుడు 130, 140 కిలోలకు చేరుతుంది. ఒక్కరే కూర్చుని ఎక్కించిన ఎత్తునే కుటుంబంతో ఎక్కించేటప్పుడు బండి వేరేలా అనిపించడానికి కారణం ఇదే.

యాక్సిలరేటర్ ముట్టకుండా ఉంటే ఇంజిన్ 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర తిరుగుతుంటుంది. చదునులో ఆ బలం చాలు. ఎత్తులో చాలదు. అందుకే క్లచ్ వదిలే ముందే ఇంజిన్‌కు కొంచెం ఊపు ఇవ్వాలి.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజిన్‌కు కొండ మీద ఇంకో ఇబ్బంది ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకు ఇంజిన్ బలం దాదాపు పదో వంతు తగ్గుతుంది. అరకు లోయే 900 మీటర్ల పైన ఉంది. కింద శృంగవరపుకోటలో మూడో గేరులో లాగిన బండి పైన రెండో గేరు అడిగితే బండి పాడైందని బెంగపడకండి.

2. బయల్దేరే ముందు

హ్యాండ్ బ్రేకుతో మొదలుపెట్టండి. చిన్న ఎత్తులో బండి ఆపి, లివర్ పైకి లాగి, కాలి బ్రేకు మెల్లగా వదలండి. బండి కదలకుండా నిలబడాలి. లివర్ పూర్తిగా పైదాకా వచ్చినా బండి జారుతుంటే కేబుల్ బిగించాలి, లేదా వెనక బ్రేకులు అరిగాయి. ఇది మెకానిక్ దగ్గర చిన్న పనే. దీన్ని వాయిదా వేసి ఘాట్ ఎక్కకండి.

తర్వాత క్లచ్. చదునైన ఖాళీ చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, కాలి బ్రేకు కూడా నొక్కి, మూడో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజిన్ టక్కున ఆగిపోతే క్లచ్ బాగుంది. ఆగకుండా ఇంకా తిరుగుతుంటే ప్లేటు అరిగింది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదే పదే చేస్తే మంచి ప్లేటు కూడా పాడవుతుంది.

మిగతావి త్వరగా చూసుకోవచ్చు:

- కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం): ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీది గీతల మధ్య ఉందా?
- టైర్ల గాలి: డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కరులో నిండు లోడుకు ఎంత రాశారో అంత.
- ఇంధనం: కనీసం సగం ట్యాంకు. తక్కువ ఉంటే నిటారు ఎత్తులో పెట్రోలు ఒక మూలకు చేరి పంపుకు అందకపోవచ్చు.
- కాలి దగ్గర: నీళ్ల సీసా, జారే మ్యాటు, విడిచిన చెప్పులు ఏమీ ఉండకూడదు.
- చెప్పులు: మడమ పట్టీ లేని చెప్పులతో ఘాట్‌లో నడపొద్దు. పెడల్ అంచుకు చిక్కుకుంటాయి.
- సీటు: క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేంత దగ్గరగా.
- ఒక చెక్క దిమ్మ: డిక్కీలో పడేసి ఉంచండి. టైరు కింద పెట్టడానికి రోడ్డు పక్క రాయి కోసం వెతుక్కోనక్కర్లేదు.

సీటు సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ నా అనుభవంలో సగం మంది సమస్య అక్కడే ఉంటుంది. దూరంగా కూర్చుంటే పాదాన్ని గాల్లో వేలాడదీసి క్లచ్ ఆడిస్తారు. మడమ నేల మీద ఆనితేనే అంగుళంలో పావు వంతు కదలిక మీ చేతిలో ఉంటుంది. కాలి పొడవు వల్ల మడమ ఆనకపోతే సీటు ఇంకాస్త ముందుకు జరపండి.

3. క్లచ్ పట్టే చోటును పాదానికి నేర్పడం

ఎత్తుకు వెళ్లే ముందు చదునులో ఈ సాధన చేయండి. డ్రైవింగ్ స్కూళ్లలో హాఫ్ క్లచ్ అనేది దీన్నే.

1. ఖాళీ రోడ్డు మీద మొదటి గేరు వేయండి. యాక్సిలరేటర్ ముట్టకండి.
2. క్లచ్‌ను చీమ నడకలా వదలండి. ఒక చోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, బానెట్ ముందుభాగం కొంచెం లేస్తుంది. అదే క్లచ్ పట్టే చోటు.
3. అక్కడే పాదం ఆపండి. బండి తనంతట తానే పాకుతుంది.
4. మళ్లీ పూర్తిగా నొక్కి ఆపండి. ఇరవై సార్లు చేయండి.

చూపు రోడ్డు మీదే ఉండాలి. పాదం కోసం కిందికి చూడాల్సి వస్తే ఇంకా సాధన కావాలి. నాకు నేర్పిన మా బావ రేడియో కట్టేయించి, అద్దం దించించి, "చెవితో విను, ఇంజిన్ గొంతు మారుతుంది" అనేవాడు. ఇప్పటికీ కొత్త కారు ఎక్కితే నేను ముందు వినేది ఆ గొంతు మార్పునే. ఒక్కో బండికి ఆ చోటు ఒక్కోలా ఉంటుంది. స్నేహితుడి కారు తీసుకుని నేరుగా ఘాట్‌కు వెళ్లేవాళ్లు ముందు ఐదు నిమిషాలు చదునులో ఇది చేసుకోవాలి.

4. ఆగిన బండిని ఎత్తులో కదిలించడం: హ్యాండ్ బ్రేకు పద్ధతి

కొత్తవాళ్లకు ఇదే మొదటి పద్ధతి. పాతవాళ్లకైనా నిటారు ఎత్తులో ఇదే మంచిది. "హ్యాండ్ బ్రేకు వాడితే డ్రైవింగ్ రానట్టే" అనేవాళ్ల మాట చెవిన పెట్టకండి.

సాధనకు ఉదయం ఐదూ ఆరు మధ్య, బండ్లు తిరగని చిన్న ఎత్తు వెతుక్కోండి. వెనక చక్రానికి జానెడు వెనగ్గా ఖాళీ ప్లాస్టిక్ సీసా పడుకోబెట్టండి. బండి జారితే అది నలిగిన చప్పుడు వినిపిస్తుంది. తోడు వచ్చినవాళ్లు బండి పక్కన నిలబడాలి, వెనక ఎవరూ ఉండకూడదు.

1. బండిని కట్టేయండి. కాలి బ్రేకు నొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి. బొటనవేలు లివర్ బటన్ మీదే ఉండనివ్వండి.

2. మొదటి గేరు. క్లచ్ అడుగుదాకా నొక్కి గేరు వేయండి. రెండో గేరులో ఎత్తున కదలడానికి ఎప్పుడూ ప్రయత్నించకండి.

3. అద్దాలు చూడండి. వెనక ఎంత ఖాళీ ఉంది, పక్క నుంచి బైకు దూరుతోందా?

4. కాలి బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదకు. హ్యాండ్ బ్రేకు పట్టుకుని ఉంది కాబట్టి తొందర అక్కర్లేదు. పెట్రోల్ కారుకు 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య నిలపండి. డీజిల్‌కు ఇంకాస్త తక్కువ చాలు. ఆర్‌పీఎం చూపే ముల్లు లేని బండిలో ఇంజిన్ చప్పుడు నిలకడగా, కొంచెం గట్టిగా వినిపించేంత. ఆ చప్పుడు ఎగిసి పడకుండా ఒకే తీరున ఉండాలి.

5. క్లచ్ పట్టే చోటుకు తీసుకురండి. ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది. ముందు చక్రాలకు బలం అందే కార్లలో బానెట్ లేస్తుంది, బండి ముందుకు కదలాలని పెనుగులాడుతున్నట్టు ఉంటుంది. పాదాన్ని అక్కడే ఆపండి.

6. హ్యాండ్ బ్రేకు దించండి. బటన్ నొక్కి, లివర్ పూర్తిగా కిందికి. బండి నిలబడి ఉండాలి, లేదా మెల్లగా ముందుకు కదలాలి.

7. యాక్సిలరేటర్ కొంచెం పెంచి, అప్పుడు క్లచ్ వదలండి. బండి తన పొడవంత దూరం కదిలాకే క్లచ్ పూర్తిగా వదిలి, పాదం పక్కకు తీసేయండి.

ఐదో మెట్టు దగ్గర చాలామంది ఓపిక పట్టరు. క్లచ్ పట్టిందని చెవికి తెలియకముందే హ్యాండ్ బ్రేకు దించేస్తారు. అప్పుడు బండి జారుతుంది, భయంతో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తారు, ఇంజిన్ ఆగుతుంది. ఆరో మెట్టులో బండి వెనక్కి కదిలితే ఐదో మెట్టు సరిగా కాలేదని అర్థం. లివర్ మళ్లీ లాగి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చిన్న ఎత్తులో పదిసార్లు సీసా నలగకుండా వచ్చాక, కొంచెం నిటారు ఎత్తుకు వెళ్లండి. ఆ తర్వాత మనుషులను ఎక్కించుకుని చేయండి. బరువు మారితే పాదాల లెక్క ఎంత మారుతుందో అప్పుడు తెలుస్తుంది.

5. కాలి బ్రేకుతో, హిల్ హోల్డ్‌తో

తక్కువ వాలు ఉన్న ఫ్లైఓవర్ మీద హ్యాండ్ బ్రేకు లేకుండానే కదలొచ్చు. కాలి బ్రేకు నొక్కి ఉంచి, క్లచ్‌ను పట్టే చోటుదాకా తెచ్చి ఆపండి. ఇంజిన్ గొంతు దిగినట్టు వినగానే కుడికాలు బ్రేకు నుంచి యాక్సిలరేటర్ మీదకు మార్చండి. ఎడమ పాదం కదలకూడదు. ఇంజిన్ ఆగిపోయేంతగా ఒణుకుతుంటే క్లచ్ వెంట్రుకవాసి లోపలికి నొక్కండి.

హిల్ హోల్డ్ ఉన్న కార్లలో కాలి బ్రేకు వదిలాక కూడా బండి సుమారు రెండు సెకన్లు నిలబడి ఉంటుంది. ఆలోపు క్లచ్ పట్టాలి. దాన్ని సహాయంగా తీసుకోండి, పూర్తిగా దాని మీదే ఆధారపడకండి. బ్రేకు సరిగ్గా నొక్కకుండా వదిలితే అది పనిచేయకపోవచ్చు.

బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే, చాలా కార్లలో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ అందగానే అదే విడుదలవుతుంది. సీటు బెల్టు పెట్టుకోకపోతే కొన్ని కార్లలో విడుదల కాదు. మీ కారు మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చదవండి.

6. ఎక్కుతూ ఉన్నప్పుడు ఏ గేరు?

గేరు మార్చాల్సింది ఎత్తు మొదలయ్యే ముందు. ఎత్తులో సగానికి వచ్చి బండి ముక్కుతున్నప్పుడు మారిస్తే క్లచ్ నొక్కిన ఆ ఒక్క క్షణంలోనే వేగం పడిపోతుంది, కింది గేరు కూడా అందుకోదు.

సరైన గేరు తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. యాక్సిలరేటర్ సగం నొక్కితే బండి ఇంకా వేగం అందుకోవాలి. సగానికి పైగా నొక్కినా అదే వేగం ఉంటే, లేదా తగ్గుతుంటే, ఒక గేరు దించండి. ఇంజిన్ గడగడమంటూ స్టీరింగ్ అదురుతుంటే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే దించాలి. ఆ అదురులో యాక్సిలరేటర్ ఇంకా తొక్కడం ఇంజిన్‌ను దెబ్బతీస్తుంది.

మామూలు పెట్రోల్ కారును ఎత్తులో 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య నడపండి. ఎక్కువ చప్పుడు వస్తోందని జంకి పై గేరు వేయకండి, ఆ చప్పుడు ఇంజిన్‌కు ఆరోగ్యమే. టర్బో డీజిల్ అయితే 1,500 కిందకు పడనివ్వకండి. అక్కడ టర్బో నిద్రపోతుంది, మళ్లీ లేచేలోగా బండి ఆగినంత పనవుతుంది.

మూడు నుంచి రెండుకు దించే వరస:

1. యాక్సిలరేటర్ మీద బరువు తగ్గించి క్లచ్ పూర్తిగా నొక్కండి.
2. చేయి సాగదీయకుండా ఒకే కదలికలో రెండో గేరు వేయండి.
3. యాక్సిలరేటర్ ఒక్క చిటికె నొక్కండి, ఇంజిన్ వేగం కింది గేరుకు తగినట్టు పెరుగుతుంది.
4. క్లచ్ సాఫీగా, త్వరగా వదలండి. ఇక్కడ మరీ నెమ్మదిగా వదిలితే ప్లేటు రాసుకుపోతుంది.

రెండో గేరు కూడా లాగకపోతే మొదటి గేరు కోసం దాదాపు నడక వేగానికి రావాలి. వేగంగా ఉన్నప్పుడు బలవంతంగా తోస్తే పడదు. గేరు ఎక్కడా పడకపోతే వెతుకుతూ కూర్చోకండి. కాలి బ్రేకు నొక్కి ఆగి, నాలుగో భాగంలో చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి.

ఏసీ ఆపితే చిన్న ఇంజిన్‌కు కొంత బలం మిగులుతుంది. నిటారు మెలికల దగ్గర ఒకటి రెండు నిమిషాలు ఆపి మళ్లీ వేసుకోండి.

7. హెయిర్‌పిన్ మలుపులు (దాదాపు వెనక్కి తిరిగే మెలికలు)

మనం ఎడమ పక్కన నడుపుతాం. కాబట్టి ఎక్కేటప్పుడు ఎడమకు తిరిగే మలుపులో లోపలి వంకలో ఉంటాం. అక్కడ రోడ్డు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. కుడికి తిరిగే మలుపులో బయటి వంక మనది, అది విశాలం, వాలు తక్కువ. అందుకే ఎడమ మలుపుకు ఒక గేరు ఎక్కువ దించాల్సి వస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే ఘాట్ సగం అర్థమైనట్టే.

- మలుపుకు ముందే నెమ్మదించి, గేరు దించి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. స్టీరింగ్ తిప్పుతూ గేరు మార్చొద్దు.
- మలుపు ముందు హారన్, రాత్రి అయితే డిమ్ డిప్.
- కొండ పైకి ఒకసారి తలెత్తి చూడండి. దిగే బస్సు పై మెలికలోనే కనిపిస్తుంది.
- బస్సు, లారీ వస్తుంటే మలుపుకు 20 మీటర్ల ముందే ఆగి దారివ్వండి. వాటికి రోడ్డంతా కావాలి.
- ఎడమ అంచుకు మరీ అతుక్కోవద్దు. వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలికి కోసుకుపోతుంది, అంచు దిగబడుతుంది.
- మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నిలకడగా ఉంచండి. ఒక్కసారిగా తొక్కితే లోపలి ముందు చక్రం గిర్రున తిరుగుతుంది.

ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వెళ్తుంది కాబట్టి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. వాన పడిన రోడ్డు మీద, కంకర మీద చక్రం జారితే యాక్సిలరేటర్ తగ్గించండి, పెంచొద్దు. మారేడుమిల్లి వైపు వర్షాకాలంలో ఆకులు పరుచుకున్న మలుపులు ఉంటాయి, అక్కడ ఇది గుర్తుంచుకోవాలి.

సన్నని దారిలో ఎదురుబండి వస్తే ముందు ఎవరు? 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం రెండు బండ్లు పట్టని కొండ దారిలో దిగే బండి పక్కకు ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఎత్తున ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం. కానీ ఎదుటివాళ్లకు ఆ నిబంధన తెలుసనుకుని దూసుకుపోవద్దు.

తిరుమలకు ఎక్కే రోడ్డు, దిగే రోడ్డు వేర్వేరు కాబట్టి ఈ ఎదురుబండి బాధ లేదు. అక్కడ పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కనీస సమయం పెట్టారు. అంతకు ముందే చేరాలనే తొందర వృథా. రెండో, మూడో గేరులో నిదానంగా ఎక్కండి.

8. ట్రాఫిక్‌లో పాకుతూ ఎక్కడం, బేస్‌మెంట్ ర్యాంపులు

నా దృష్టిలో ఘాట్ కంటే ఇదే క్లచ్‌కు పెద్ద పరీక్ష. పండగ రోజు శ్రీశైలం దారిలో గానీ, సాయంత్రం హైదరాబాద్ ఫ్లైఓవర్ మీద గానీ, అడుగు అడుగుకూ ఆగాలి.

ముందు బండికి, మీకు మధ్య కనీసం ఒక కారు పొడవు వదలండి. లారీ, ఆటో ముందుంటే ఇంకా ఎక్కువ, అవి కూడా వెనక్కి జారొచ్చు. ముందు బండి రెండడుగులు కదిలిందని మీరూ కదలొద్దు. మూడు కార్ల ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి వెళ్లి ఆగండి. పదిసార్లు కదిలే చోట మూడుసార్లు కదిలితే ప్లేటుకు అంత ఆయుష్షు మిగులుతుంది.

ఆగిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేకు, న్యూట్రల్, రెండు కాళ్లకూ విశ్రాంతి. వెనకవాళ్లు హారన్ కొట్టినా ఈ వరస మార్చకండి.

మాల్ బేస్‌మెంట్ నుంచి బయటికి వచ్చే ర్యాంపులు ఘాట్ కంటే నిటారుగా ఉంటాయి. అక్కడ కింద చదునులోనే ఆగి, ర్యాంపు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఉండండి. తర్వాత మొదటి గేరులో, మధ్యలో గేరు మార్చకుండా, పైదాకా ఒకే ఊపులో రండి. పైన చీటీ ఇచ్చే చోట ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేశాకే చేయి అద్దం బయటికి పెట్టండి.

9. తప్పు జరిగినప్పుడు

బండి వెనక్కి జారుతోంది. కాలి బ్రేకు, క్లచ్ రెండూ ఒకేసారి గట్టిగా. ఆగాక హ్యాండ్ బ్రేకు. అద్దాలు చూసుకుని మొదటి నుంచి. జారుతుండగానే క్లచ్ వదిలి ఆపాలని చూడొద్దు.

ఇంజిన్ ఆగిపోయింది. ముందు బ్రేకు, తర్వాత తాళం. ఇంజిన్ ఆగినా బ్రేకులో ఒకటి రెండు నొక్కుళ్లకు సరిపడా సాయం మిగిలి ఉంటుంది, ఆపైన పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అందుకే ఒకేసారి నొక్కి పట్టుకోండి, పదే పదే కొట్టొద్దు. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, కంగారుపడకండి. హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ నొక్కి స్టార్ట్ చేయండి.

మాడిన వాసన. క్లచ్ వేడెక్కింది. సురక్షితమైన చోట పక్కకు తీసి అరగంట ఆగండి. చల్లారాక కదిలి, హాఫ్ క్లచ్ తగ్గించి నడపండి. ఇంజిన్ చప్పుడు పెరుగుతున్నా బండి వేగం అందుకోకపోతే ప్లేటు జారుతోంది. అలాంటప్పుడు పైకి వెళ్లొద్దు.

టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది, లేదా ఎర్ర లైటు వెలిగింది. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. లోపల ఉక్కగా ఉంటుంది గానీ ఇంజిన్ వేడి కొంత బయటికి వస్తుంది. వీలైన మొదటి చోట ఆగండి. రేడియేటర్ మూత వేడిలో తెరవకండి, పొంగే నీళ్లు ముఖాన్ని కాలుస్తాయి.

కదిలేటప్పుడు బండి కుక్కలా దూకుతోంది. ఊపు తక్కువై క్లచ్ త్వరగా వదిలారు. క్లచ్ నొక్కండి, ఆర్‌పీఎం నిలపండి, మళ్లీ.

హ్యాండ్ బ్రేకు దించడం మరిచి ఎక్కుతున్నారు. బండి బరువుగా అనిపించినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు గుర్తు చూడండి. ఆ గుర్తుతో అలాగే నడిపితే వెనక బ్రేకులు వేడెక్కి పాడవుతాయి.

10. ఎక్కినవాళ్లు దిగాలి కదా

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. లారీ డ్రైవర్లు తరతరాలుగా పాటించే సూత్రమిది. న్యూట్రల్ వేసి, ఇంజిన్ ఆపి దిగడం పెట్రోలు మిగల్చదు, ప్రాణం మీదకు తెస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. గేరు వేగాన్ని పట్టి ఉంచుతుంది. అది చాలనప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వదలండి.

11. ఎత్తులో పార్కింగ్

వ్యూపాయింట్ దగ్గర ఫొటోల కోసం దిగే తొందరలో ఇక్కడ చాలామంది గేరు వేయడం మరిచిపోతారు. వరస ఇది:

1. కాలి బ్రేకుతో ఆగి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేయండి.
2. కాలి బ్రేకు మెల్లగా వదిలి, బండి హ్యాండ్ బ్రేకు మీద నిలబడిందో లేదో చూడండి.
3. మళ్లీ బ్రేకు, క్లచ్ నొక్కి ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి వదలండి. బండి ముఖం పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు.
4. బండి ముఖం ఎత్తు వైపు ఉన్నప్పుడు (ఇక్కడి నుంచి చెప్పేదంతా దానికే) ఎడమ పక్క ఎత్తయిన గట్టు ఉంటే ముందు చక్రాలను కుడికి తిప్పండి. బండి జారితే టైరు వెనకభాగం గట్టుకు ఆనుకుని ఆగుతుంది.
5. గట్టు లేకుండా ఎడమ పక్క కొండ ఉంటే చక్రాలను ఎడమకు తిప్పండి, జారినా వెనకభాగం కొండకే తగులుతుంది. ఎడమ పక్క లోయ ఉంటే అక్కడ ఆపనే వద్దు.
6. వెనక చక్రం కింద చెక్క దిమ్మ. పిల్లలు దిగేది ఆ తర్వాతే.

దిమ్మ లేక రాయి పెట్టారనుకోండి. కదిలేటప్పుడు బండి ఒక అడుగు ముందుకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎవరినైనా దింపి ఆ రాయిని రోడ్డు అవతలికి వేయించండి. లంబసింగి మంచులో తెల్లవారుజామున బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనిపించదు.